మెల్లగా కాదు, నిదానంగా

2011లో హ్యారీ పోటర్ ఆఖరి భాగం విజయవాడలో తెలుగు డబ్బింగ్‌లో చూశాను. అందులో మంత్రాల బడి టీచర్ స్నేప్ మాట్లాడినప్పుడల్లా ఏదో తేడా కొడుతోంది. తెర మీద ఆయన నోరు ఇంకా సగం మాటలోనే ఉంది, తెలుగులో డైలాగ్ అయిపోయింది. డబ్బింగ్ చెప్పినాయన్ని అనడానికేం లేదు. మాటకీ మాటకీ మధ్య నటుడు అంత ఖాళీ వదిలేస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఇంతకీ ఆ ఖాళీలో ఏముందో చూద్దామని ఇంటికొచ్చి ఇంగ్లిష్‌లో వెతికాను. అలా పట్టుకున్నాడు నన్ను స్నేప్ వేషం వేసిన ఇంగ్లిష్ నటుడు అలన్ రిక్‌మన్.

నాది ఫ్లెక్సీలు డిజైన్ చేసే పని. సాయంత్రాలు పరిషత్తు నాటకాల రిహార్సల్స్. నా ముఖం చూసి మా మాస్టారు ఎప్పుడూ విలన్ వేషమే ఇస్తారు. అందుకేనేమో, రిక్‌మన్ మొదట్లో గ్రాఫిక్ డిజైనర్ అని తెలిసినప్పుడు కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను.

పుట్టింది 1946లో, లండన్‌లో. ఎనిమిదేళ్ళకే తండ్రి పోయాడు, తల్లి నలుగురు పిల్లల్ని పెంచింది. చిన్నప్పుడు కింది దవడ సరిగ్గా కదలక మాట స్పష్టంగా వచ్చేది కాదట. రేపు ప్రపంచమంతా చెవులు రిక్కించి వినబోయే గొంతుకి మొదలు అది! డిజైన్ చదువుకుని, స్నేహితులతో కలిసి స్టూడియో పెట్టాడు. ఇరవై ఆరేళ్ళప్పుడు అదంతా పక్కనపెట్టి, నాటకం నేర్పే రాడా అనే సంస్థకి ఉత్తరం రాసి ఆడిషన్‌కి వెళ్ళాడు. చదువుకునే రోజుల్లో ఖర్చులకి రాల్ఫ్ రిచర్డ్‌సన్, నైజెల్ హాథార్న్‌లాంటి పెద్ద నటులకి తెర వెనక బట్టలు తొడిగే పని చేశాడు. మా పరిషత్తుల్లో ఆ పనికి మనిషి ఉండడు, ఎవరి పంచె వాళ్ళే కట్టుకోవాలి.

తర్వాత పదేళ్ళకి పైగా ఎక్కువగా నాటకాలే. 1985లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ వేసిన ఒక ఫ్రెంచి కథ నాటకంలో వాల్మాంట్ అనే పాత్ర దొరికింది. తియ్యగా మాట్లాడుతూ ఆడవాళ్ళ జీవితాలు నాశనం చేసే దొర. నాటకం లండన్ దాటి 1987లో న్యూయార్క్ బ్రాడ్‌వేకి వెళ్ళింది, అక్కడ నాటకాలకిచ్చే టోనీ అవార్డుకి నామినేషనూ వచ్చింది. అదే కథని సినిమాగా తీసినప్పుడు మాత్రం ఆ వేషం జాన్ మాల్కోవిచ్‌కి పోయింది. వేసి వేసి పండించిన పాత్రని ఇంకొకరి ఒంటి మీద చూడటం ఎలా ఉంటుందో నాటకాలవాళ్ళని అడగండి, చెప్తారు.

కానీ ఆ బ్రాడ్‌వే నాటకం చూసిన సినిమావాళ్ళే డై హార్డ్‌కి పిలిచారు. లాస్ ఏంజెలెస్‌లో దిగిన రెండు రోజులకే వేషం. యాక్షన్ సినిమానా అని మొదట ముఖం చిట్లించాడట. 1988లో సినిమా వచ్చేసరికి నలభై రెండేళ్ళు. వెండితెర మీద అదే మొదటి సినిమా!

అందులో విలన్ హాన్స్ గ్రూబర్ పాత్రకి మామూలుగా టెర్రరిస్టులు వేసుకునే బట్టలే అనుకున్నారు. ఈయన నిర్మాతకి ఒక చీటీ రాసి పెట్టాడు: సూటు వేసుకుంటే ఎలా ఉంటుంది, అప్పుడు బందీల్లో ఒకడిలా అమెరికన్ యాసలో మాట్లాడి హీరోని బురిడీ కొట్టించొచ్చు కదా అని. కొత్తగా వచ్చిన నటుడు, అదీ పరాయి దేశంలో! ఆ సీను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. తుపాకీతో ఉన్న హీరో ఎదురుపడగానే హాన్స్ ముఖంలో ఒక్క క్షణం ఏమీ ఉండదు. తర్వాత కళ్ళు పెద్దవవుతాయి, భుజాలు కుంచించుకుపోతాయి, గొంతు పైకి లేస్తుంది. దొంగ వేషం వేస్తున్న దొంగని ఆడుతున్నాడు, రెండు పొరలూ మనకి కనపడతాయి. అది డిజైనర్ బుర్ర అంటాను నేను, మా మాస్టారు ఒప్పుకోరు.

చివర్లో హాన్స్ భవనం మీంచి కిందపడే షాటు కథ అందరికీ తెలిసిందే. స్టంటువాళ్ళు మూడు లెక్కపెట్టి వదులుతామని చెప్పి ఒకటికే వదిలేశారు. ఆ ముఖంలో భయం నటన కాదు.

1991లో రాబిన్ హుడ్ సినిమాలో విలన్ షెరీఫ్ వేషం రెండుసార్లు వద్దన్నాడు. తన ఇష్టం వచ్చినట్టు చేసుకోవచ్చన్నాకే ఒప్పుకున్నాడు. స్క్రిప్టు నచ్చక రూబీ వాక్స్, పీటర్ బార్న్స్ అనే స్నేహితులతో పిజ్జా హట్‌లో కూర్చుని జోకులు చేర్పించాడు. ఆ వేషానికి బ్రిటన్ సినిమా అవార్డు బాఫ్టా వచ్చింది. ఆస్కార్ నామినేషన్ మాత్రం జీవితంలో ఒక్కటీ రాలేదు, అది వాళ్ళ ఖర్మ. విలన్ అనే ముద్ర ఆయనకి నచ్చేది కాదు. స్నేప్‌గా మొదటిసారి కనిపించిన 2001లోనే మళ్ళీ లండన్ స్టేజీ ఎక్కాడు, వాల్మాంట్ నాటకంలో తన పక్కన చేసిన లిండ్సే డంకన్‌తోనే. 2016 జనవరిలో, అరవై తొమ్మిదేళ్ళకి, క్యాన్సర్‌తో పోయాడు.

ఇదంతా ఒంటబట్టించుకుని పోయినేడాది ఒక పోటీలో నా విలన్‌ని రిక్‌మన్‌లా చేద్దామనుకున్నాను. రిహార్సల్లో గొంతు తగ్గించి, ఆపి ఆపి మాట్లాడాను. మాస్టారు చివరి వరసలోకి వెళ్ళి కూర్చుని కేకేశారు.

"ఏరా, ఏమైంది? జలుబా?"

"లేదు మాస్టారూ, మెల్లగా చెప్తే భయంగా ఉంటుందని..."

"మెల్లగా కాదురా, నిదానంగా. నాకిక్కడ వినపడి చావాలి కదా!"

ఇంటికొచ్చి మళ్ళీ ఆ సినిమాలు పెట్టాను. నిజమే, ఆయన ఎక్కడా గొణగడు. ప్రతి మాట చివరి అక్షరం దాకా వినపడుతుంది. చివరి వరస వాడికి టికెట్టు డబ్బులు గిట్టించే అలవాటు కెమెరా ముందుకొచ్చినా పోలేదు. నేను పట్టుకున్నది ఖాళీలు మాత్రమే.

వచ్చే నెల పోటీకి మళ్ళీ విలన్ వేషమే ఇచ్చారు. లుంగీ, మెడలో ఎర్ర తువ్వాలు అన్నారు. సూటు వేసుకుంటానని చీటీ రాసి మాస్టారి స్క్రిప్టులో పెట్టాను. మా బావ పెళ్ళి సూటు కూడా అడిగి ఉంచాను. ఇద్దరూ ఇంకా ఏమీ చెప్పలేదు.