వృత్తం, గీత, ఒకే పళ్లెం

వృత్తం లోపలి ముక్కలన్నీ పోగేసి, ఒక్కోదాన్నీ ఒక్కో బిందువుగా లెక్కేస్తే ఏ ఆకారం వస్తుంది? ఈ ప్రశ్నకి మూడు రోజుల కిందట నోట్‌బుక్కులో ఒక గొట్టం గీసి, కింద ‘ఇదే జవాబు’ అని రాసుకున్నాను. ఈ ఉదయం కొట్టేశాను. అక్కడి నుంచి దొరికింది చెప్పకుండా ఉండలేక ఇది రాస్తున్నాను.

కంటిన్యూయం అంటే మెట్రిక్ స్పేస్‌లో (బిందువుల మధ్య దూరాలు కొలవగల చోట) కాంపాక్ట్‌గా (మోటుగా చెప్తే, హద్దుల్లో ఇమిడి, కొసల్ని కూడా కలుపుకుని), విడిపోకుండా ఒకే ముక్కగా ఉండేది. గీత, వృత్తం, నిండు చదరం, ఒంటరి బిందువు కూడా. ఒక కంటిన్యూయం ఎక్స్ లోపలున్న కంటిన్యూయాలన్నీ పోగేసి, ఒక్కోదాన్నీ ఒక్కో బిందువుగా లెక్కేస్తే వచ్చే హైపర్‌స్పేస్‌ని సి ఆఫ్ ఎక్స్ అంటారు. రెండు ముక్కల మధ్య దూరం హాస్‌డార్ఫ్ దూరం: మొదటిది రెండోదాన్ని కప్పాలంటే ఎంత ఉబ్బాలి, రెండోది మొదటిదాన్ని కప్పాలంటే ఎంత ఉబ్బాలి, వీటిలో ఏది పెద్దదైతే అది.

0 నుంచి 1 దాకా ఉన్న గీతతో పని సులువు. ముక్క ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది, ఈ రెండు సంఖ్యలు చాలు. మొదటిది రెండోదాన్ని మించకూడదు కాబట్టి త్రిభుజం వస్తుంది.

వృత్తంలో ముక్కంటే చాపం. దాని నడిమి బిందువు, పొడవు చెబితే చాలు కదా, నడిమి బిందువు చుట్టూ తిరుగుతుంది, పొడవు పైకి పెరుగుతుంది, కాబట్టి గొట్టం అనుకున్నాను. తర్వాత పెన్సిల్‌తో రెండు వృత్తాలు గీసి, ఒకదాంట్లో పైన ఆవగింజంత, ఇంకోదాంట్లో కింద అంతే రబ్బరుతో చెరిపాను. నడిమి బిందువులు ఎదురెదురుగా ఉన్నాయి. గొట్టంలో ఇవి రెండు పక్కలకీ పోవాలి. కానీ రెండూ దాదాపు పూర్తి వృత్తాలే! వాటి మధ్య హాస్‌డార్ఫ్ దూరం ఆ చెరిపిన మేరకు మించదు. వృత్తం పూర్తయ్యాక నడిమి బిందువన్న మాటకే అర్థం లేదు. అంటే గొట్టం పై అంచు మొత్తం ఒక్క బిందువుగా ముడుచుకుంటుంది. వచ్చేది పళ్లెం. నట్టనడుమ పూర్తి వృత్తం, అంచు వెంట ఒంటరి బిందువులు.

త్రిభుజం కూడా టోపాలజీ లెక్కన, అంటే చింపకుండా, అతికించకుండా సాగదీస్తే, పళ్లెమే! గీతకీ వృత్తానికీ హైపర్‌స్పేస్ ఒకటే అయింది. ఇది చూశాక కాసేపు పెన్సిల్ పక్కన పెట్టేశాను.

మూడు కాళ్లున్న బొమ్మైతే ఇలా జరగదు. కూడలిని కలుపుకునే ముక్కకి మూడు పొడవులు కావాలి కాబట్టి ఘనం వస్తుంది. కూడలి తగలని ముక్కలు ఒక్కో కాలికి ఒక్కో త్రిభుజంగా, ఘనం మూల దగ్గర కలిసే మూడు అంచులకి రెక్కల్లా అతుక్కుంటాయి. అసలు గీత, వృత్తం తప్ప మరే పరిమిత గ్రాఫైనా (కొన్ని గీతల్ని కొసల దగ్గర కలిపి చేసిన బొమ్మ) హైపర్‌స్పేస్‌ని బట్టి దొరికిపోతుంది. చదరం దగ్గరికి వస్తే మళ్లీ చిక్కే: గణితజ్ఞులు కర్టిస్, షోరీ 1978లో నిరూపించిన దాని ప్రకారం చదరానికీ గోళానికీ కూడా సి ఆఫ్ ఎక్స్ హిల్బర్ట్ క్యూబే, అంటే అంతులేనన్ని దిక్కులున్న ఘనం.

గీతకీ వృత్తానికీ మాత్రం ఒక గుర్తు మిగిలింది. ఒంటరి బిందువుల్ని ఎర్రగా రంగేశాను. త్రిభుజంలో ఒక్క భుజమే ఎర్రబడింది, పళ్లెంలో అంచు మొత్తం.