కమ్మరి ఆడపడుచులు, గుమాస్తా బిడ్డలు

పత్రికలో క్రీడల పేజీ చూసేవాళ్ళకు ఆట ఎంత తెలియాలో పేర్లూ అంతే తెలియాలి. విదేశీ క్రీడాకారుల పేర్లను తెలుగులో రాసే పని మా డెస్కులో నా పాలబడింది. "పలికితే చాలదా, అర్థంతో మనకేం పని?" అంటాడు పక్క కుర్చీ మిత్రుడు. అర్థం పట్టించుకోకపోతే ఏ ముక్క సొంత పేరో, ఏ ముక్క ఇంటిపేరో, అసలు అది ఇంటిపేరేనా అన్నది కూడా తేలదని నా వాదన.

2016 యూరో కప్పు ఫుట్‌బాల్‌లో ఇంగ్లండును ఐస్‌లాండ్ 2-1తో ఇంటికి పంపిన మ్యాచినే తీసుకోండి. ఐస్‌లాండ్ తరఫున మొదట బరిలోకి దిగిన పదకొండు మందికీ పేరు చివర 'సన్' ఉంది. వాళ్ళ తొలి గోలు కొట్టింది రాగ్నర్ సిగుర్డ్‌సన్. అదే జట్టులో గిల్ఫీ సిగుర్డ్‌సన్ కూడా ఉన్నాడు. అన్నదమ్ములు కారు, ఇద్దరి తండ్రుల పేరూ సిగుర్దుర్, అంతే. అక్కడ తండ్రి పేరుకు కొడుకైతే 'సన్', కూతురైతే 'దోత్తిర్' చేరుస్తారు. 1980లో దేశాధ్యక్షురాలిగా ఎన్నికైన విగ్దీస్ ఫిన్‌బోగాదోత్తిర్ అంటే ఫిన్‌బోగి గారి అమ్మాయి విగ్దీస్. తరం మారగానే ఆ రెండో ముక్కా మారిపోతుంది. టెలిఫోను డైరెక్టరీలో సైతం సొంత పేర్ల వరసే పాటించేవారు. కొత్తగా ఇంటిపేర్లు పెట్టుకోవడాన్ని 1925లో చట్టం చేసి మరీ ఆపారు. అంతకుముందే స్థిరపడ్డవి కొన్ని మిగిలాయి. ఆ యూరో జట్టులోనే ఉన్న గుద్యోన్సెన్ ఆ కోవకు చెందినవాడు.

ఇంటిపేర్లు పాతుకుపోయిన దేశాల్లో వృత్తుల వాసన గుప్పుమంటుంది. అందులో కమ్మరిదే పైచేయి. ఇంగ్లండులో స్మిత్, జర్మనీలో ష్మిత్, హంగరీలో కొవాచ్, అరబ్బుల్లో హద్దాద్. టెన్నిస్‌లో రష్యాకు చెందిన స్వెత్లానా కుజ్నెత్సోవా, లెబనాన్ మూలాలున్న బ్రెజిల్ క్రీడాకారిణి బియాత్రిజ్ హద్దాద్ మాయా, ఇద్దరూ పేరును బట్టి కమ్మరి ఇంటి ఆడపడుచులే. ఫార్ములా వన్ రేసు కార్ల ఫెరారీ అన్నా కమ్మరే. ఆ కారు నడిపిన షూమాకర్ పేరుకు అర్థం జోళ్ళు కుట్టేవాడు. ఆ లెక్కన 2000 నుంచి 2004 వరకు వరసగా ఐదేళ్ళు జోళ్ళాయన కమ్మరి బండెక్కి ప్రపంచ టైటిల్ ఎగరేసుకుపోయాడు. (ఈ శీర్షికకు మా ఎడిటరు ససేమిరా ఒప్పుకోరు.) ఊరంతా సేద్యగాళ్ళే అయినప్పుడు 'రైతు' అని పిలిస్తే పదిమంది తిరిగి చూస్తారు. కమ్మరి ఊరికి ఒకడో ఇద్దరో ఉంటారు కాబట్టి ఆ పేరు అతికింది.

అయితే మనిషిని విడదీసి చూపించే ఈ అవసరం ఎవరికి? ఊళ్ళో వాళ్ళకు ఎటూ ముఖం తెలుసు. అవసరమల్లా పన్ను రాసుకునే గుమాస్తాకు, సైన్యంలోకి పట్టుకుపోయేవాడికి. ఫిలిప్పీన్స్‌లో స్పెయిన్ గవర్నరు క్లవేరియా 1849లో అక్షరక్రమంలో ఇంటిపేర్ల జాబితా అచ్చు వేయించి, అందులోంచి కుటుంబాలకు పేర్లు పంచమన్నాడు. ఊరికి కొన్ని పేజీలు దక్కాయి. ఆల్బాయ్ రాష్ట్రంలోని ఓయాస్ పట్టణానికి 'ఆర్' అక్షరం వచ్చింది. తాతల నాటి చరిత్ర అని తవ్వుకుంటూ పోతే అడుగున తగిలేది ఒక గుమాస్తా చింపిన కాగితం! టర్కీలో 1934లో చట్టం వచ్చింది. ముస్తఫా కెమాల్‌కు 'తుర్కుల తండ్రి' అనే అర్థంలో పార్లమెంటే అతాతుర్క్ అని పేరిచ్చి, ఇంకెవరూ దాన్ని వాడకూడదంది. థాయ్‌లాండ్‌ది 1913 నాటి చట్టం. రాజు వజిరావుధ్ స్వయంగా ఆరు వేలకు పైగా ఇంటిపేర్లు ప్రసాదించాడు. సంబంధం లేని రెండు కుటుంబాలకు ఒకే పేరు ఉండకూడదన్నది నియమం. అందుకే తరవాత వచ్చినవాళ్ళ పేర్లు అంతంత బారున సాగాయి. నా కాలమ్ వెడల్పు గురించి ఆలోచించిన నాథుడు లేడు.

వినసొంపైన కథలంటే నాకు అనుమానం. డచ్చివాళ్ళలో 'నాక్ట్‌గెబోరెన్' అనే ఇంటిపేరుంది. అక్షరాలా చూస్తే 'బట్టల్లేకుండా పుట్టినవాడు'. 1811లో నెపోలియన్ ఇంటిపేరు తప్పనిసరి చేస్తే, మండిపడిన జనం వెటకారానికి పెట్టుకున్నారని చెబుతారు. కథ బాగుంది, కానీ ఆ పేరు అంతకు ముందే ఉంది. తండ్రి పోయాక పుట్టిన బిడ్డను సూచించే జర్మన్ మాట అలా రూపం మార్చుకుంది. హంగరీ తరఫున 84 గోల్స్ కొట్టిన పుష్కాష్‌దీ ఇదే వరస. పేరుకు 'తుపాకీవాడు' అని అర్థం రావడంతో గోల్స్ చూసి పెట్టారనిపిస్తుంది. నిజానికి పుర్‌ట్సెల్ద్ అనే జర్మన్ పేరును ఆ కుటుంబం 1937లో మార్చుకుంది. అప్పటికి పిల్లవాడికి పదేళ్ళు.

మంగోలియాలోనైతే ఉన్న పేర్లనే ఊడగొట్టారు. 1920ల్లో కమ్యూనిస్టు ప్రభుత్వం వంశనామాలు వద్దంది. 1990ల్లో మళ్ళీ పెట్టుకోమన్నారు. ఈలోపు చాలామంది తమది ఏ వంశమో మరచిపోయారు. ఎంచుకునే అవకాశం వచ్చింది కదా అని బోలెడుమంది చెంఘిజ్ ఖాన్ వంశమైన బోర్జిగిన్‌లో దూరిపోయారు. 1981లో రోదసికి వెళ్ళొచ్చిన తొలి మంగోలియన్ గుర్రగ్చా మాత్రం 'సన్సార్' అని రాయించుకున్నాడు. వాళ్ళ భాషలో విశ్వం అని అర్థం. మన సంసారమే బౌద్ధం వెంట అంత దూరం వెళ్ళి అలా స్థిరపడింది. బోర్జిగిన్‌ల మాట ఎలా ఉన్నా, ఈయన ఇంటిపేరుకు మాత్రం నేను వంక పెట్టను.