తోపు గురి వెనక లెక్కలు: నా అనుభవం

ఇంటర్ ఎంపీసీ అయ్యాక సోల్జర్ టెక్నికల్‌గా సెలెక్ట్ అయ్యాను. గోల్కొండ ఆర్టిలరీ (ఫిరంగి దళం) సెంటర్‌లో ట్రైనింగ్. నాకు వచ్చిన ట్రేడ్ టెక్నికల్ అసిస్టెంట్, అంటే కమాండ్ పోస్టులో లెక్కల పని. సెలవుకి ఇంటికొస్తే మా బాబాయి "అయితే నువ్వు తోపు పేల్చవా?" అని అడిగేవాడు.

105 ఎంఎం గన్ 17 కిలోమీటర్ల దాకా కొడుతుంది. గన్ దగ్గరున్న వాళ్లకి టార్గెట్ కనపడదు. ముందు ఏ గుట్టమీదో ఓపీలో, అంటే అబ్జర్వేషన్ పోస్టులో, కూర్చున్న ఆఫీసర్‌కే కనపడుతుంది. ఆయన రేడియోలో గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాపు మీద చోటు చెప్పే అంకెలు) చెప్తే, దాన్ని మేం బేరింగ్ (దిశ), ఎలివేషన్ (బ్యారెల్ ఎత్తు కోణం), చార్జ్ (గుండుని నెట్టే పేలుడు మందు మోతాదు)గా మార్చి గన్లకి పంపాలి.

మా దగ్గర కోణాలకి డిగ్రీలు వాడరు, మిల్స్ వాడతారు. చుట్టూ కలిపి 6400. ఒక మిల్ తేడా వస్తే కిలోమీటరు దూరంలో సుమారు మీటరు పక్కకి పోతుంది, పది కిలోమీటర్లకి పది మీటర్లు. దీనికితోడు పైగాలి వేగం, గాలి సాంద్రత, మందు వేడి, బ్యారెల్ అరుగుదల అన్నీ రేంజ్ టేబుల్ (ఏ లెక్కకి గుండు ఎంత దూరం పోతుందో చెప్పే పట్టిక) చూసి సరిచేయాలి. ఎండకి వేడెక్కిన మందు గుండుని ఇంకాస్త దూరం నెడుతుంది.

నన్ను బాగా సతాయించింది కరెక్షన్. మొదటి గుండు పడ్డాక ఓపీ నుంచి "రైట్ 100, యాడ్ 400" అని వస్తుంది, అంటే వంద మీటర్లు కుడికి, నాలుగొందల మీటర్లు ఇంకా దూరానికి. ఆ కుడి ఆయన చూపుకి కుడి, గన్‌కి కాదు. ఆయనొక పక్క నుంచి, గన్ మరో పక్క నుంచి చూస్తున్నాయి కదా. ప్లాటింగ్ బోర్డు మీద పారదర్శకమైన గళ్ల చక్రాన్ని ఆయన బేరింగ్‌కి తిప్పి, పిన్ను జరిపి, మళ్లీ గన్ వైపు నుంచి కొలవాలి. ఇదంతా సెకన్లలో అయిపోవాలి. టార్గెట్‌కి ఒకటి ముందు, ఒకటి వెనక పడేలా చేసి, ఆ దూరాన్ని సగం సగం తగ్గించుకుంటూ వస్తారు. గురి కుదిరాకే బ్యాటరీ (మా గన్ల జట్టు) అంతా కలిసి కొడుతుంది.

మాకు ట్రైనింగ్ ఇచ్చిన ఉస్తాద్ 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్‌లో పనిచేసినాయన. అక్కడ పదివేల అడుగుల పైన గాలి పల్చన, గుండు ఎక్కువ దూరం పోతుంది. దానికితోడు కొండకొమ్ము. మైదానంలో యాభై మీటర్లు ఎక్కువైతే యాభై మీటర్లే, కొమ్ము మీద అదే గుండు శిఖరం దాటి అవతలి లోయలో పడుతుంది. అక్కడి తోలోలింగ్ శిఖరం మీదికి మనవాళ్లు ఎక్కుతుంటే వాళ్ల తలల మీదుగానే మన గుండ్లు పోయాయి. వాళ్లు శిఖరానికి దగ్గరవగానే ఫైర్‌ని వెనక వాలు మీదికి మార్చాలి. ఆ సంగతి విన్నాక నాకు ప్రతి అంకె వెనకా మనిషే కనపడేవాడు.

అందుకే ఏ లెక్కయినా ఇద్దరం విడివిడిగా చేస్తాం. రెండూ కలిస్తేనే గన్‌కి పోతుంది. ఈ ట్రేడ్ వచ్చిన తమ్ముళ్లు త్రికోణమితి మర్చిపోకండి, అంకెలు గట్టిగా, ఒక్కొక్కటిగా పలకడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి. రేడియో గోలలో తప్పు వినపడితే మళ్లీ అడగడానికి మొహమాటపడొద్దు.