గుట్కా కాదు సార్, మా బోరు నీళ్ళు

మొన్న కువైట్‌లో మా సైటు గేటు కాడ కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసరు నన్ను ఆపి, "గుట్కా ఊసేసి రా, లోపల పొగాకు నిషేధం" అన్నాడు, లైన్లో అందరి ముందర. నేను పుట్టి బుద్ధెరిగినాక గుట్కా ముట్టలేదు. నోరు తెరిచి చూపించినా. "మరి పళ్ళు అట్లెందుకున్నాయి?" అన్నాడు. నా వెనక ఉన్న రాజంపేట అన్న హిందీలో "అది వాళ్ళ ఊరి నీళ్ళ వల్ల సార్" అని చెప్పినాడు గానీ ఆయనకి ఎక్కలేదు, ఇంకోసారి దొరికితే పర్మిట్ క్యాన్సిల్ చేస్తానని చెప్పి పంపించినాడు. దేనికి దొరుకుతాను నేను?

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. మా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువ, అది పళ్ళనీ ఎముకలనీ పాడు చేస్తుంది, ఆ పక్కోళ్ళకి నేను చెప్పేది ఏముంది. మా బడిలో నవ్వితే అందరివీ అట్లే ఉండేవి, గోధుమ రంగు చారలు, కొందరికి గుంతలు పడి. అది మాకు వింత కాదు. ఇంటర్‌కి టౌనుకి పోయినాకనే తెలిసింది ఇది చూసి జనం మాట్లాడుకుంటారని. మా అక్క ఈ రోజుకీ ఫోటో తీస్తే పెదాలు మూసుకుంటుంది. పళ్ళయితే పోనీలే అనుకోవచ్చు, మా జేజి చివరి రోజుల్లో నడుము వంగిపోయి మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగి చూసేది, దాన్ని అందరూ ముసలితనం అనుకున్నారు.

ఆ రోజు పని అయితే చేసినా గానీ మనసు మనసులో లేదు. ఇక్కడ మా పని రిఫైనరీని మరమ్మతుకి ఆపే షట్‌డౌన్లలో క్యాటలిస్ట్, అంటే రసాయన చర్యని తొందరగా జరిపించే సరుకు, మార్చడం. గంధకం తీసే యూనిట్లో రియాక్టర్ తెరిచి పాత గుండ్లు బయటికి లాగి, లోపల శుభ్రం చేసి, జంబో బ్యాగుల్లో వచ్చిన కొత్తవి క్రేనుతో ఎత్తి నింపి, సమంగా పరచాల. తెల్లటి గుండ్లు, మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు ఉంటాయి. ఇన్నేళ్ళూ నాకు అవి క్యాటలిస్ట్, అంతే.

ఆ మధ్యాహ్నం కొత్త డ్రమ్ములో శాంపిల్ తీసుకునేదానికి ల్యాబు నుంచి ఒక ఈజిప్టు పెద్దాయన వచ్చినాడు. డ్రమ్ము మూత తీసి పట్టుకున్నది నేనే. ఆయన నా మొహం చూసి గట్టిగా కాదు, పక్కకి వచ్చి మెల్లగా అడిగినాడు, "మీ ఊరి నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందా?" అని. నాకు గొంతు పట్టేసింది. ఈ దేశంలో నన్ను ఆ మాట అడిగిన మనిషి ఆయన ఒక్కడే. తలూపినా. ఆయన డ్రమ్ములోంచి పిడికెడు గుండ్లు తీసి నా చేతిలో పోసి, తన బాటిల్లోని నీళ్ళు వాటి మీద కొంచెం పోసినాడు. చిటపటమని సన్నగా శబ్దం చేసి, బుడగలొచ్చి, నీళ్ళు యాడికి పోయినాయో తెలీలేదు, చెయ్యి వేడెక్కింది. "దీని లోపలంతా రంధ్రాలే. నీళ్ళలో ఫ్లోరైడ్‌ని కూడా ఇదే పట్టుకుంటుంది. మీ ఇండియాలో ఊర్లలో పెట్టినారు కదా, మీ ఊరికి రాలేదా?" అన్నాడు.

వచ్చింది. అదే నాకు ఆ రాత్రి నిద్ర పట్టకుండా చేసింది. నేను చిన్నగున్నప్పుడు మా ఊరి చేతి పంపు పక్కన ఎవరో ఒక డ్రమ్ము కట్టించి, దానిలో తెల్ల గుండ్లు పోసి పోయినారు. అవి ఇవే. నేను పొద్దస్తమానం మోసేవి, ఎత్తేవి, ఊడ్చేవి ఇవే.

క్యాంపులో కూర్చుని చదివినా, పెద్దాయనని కూడా దొరికినప్పుడల్లా అడిగినా. బాక్సైటు నుంచి వచ్చే అల్యూమినియం హైడ్రాక్సైడ్‌ని వేడి చేసి దాంట్లోని నీటిని తరిమేస్తే లోపల సన్న రంధ్రాలు మిగిలిపోతాయి, అదే యాక్టివేటెడ్ అల్యూమినా. ఒక్క గ్రాములో రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే 200 నుంచి 300 చదరపు మీటర్లు, అంటే ఐదు నుంచి ఏడు సెంట్ల ఇంటి స్థలం. అదే పదార్థాన్ని ఇంకా వేడి చేసి 1100 డిగ్రీలు దాటిస్తే రంధ్రాలు మూసుకుపోయి గట్టి కురువింద రాయి అయిపోతుంది, దానికి నీళ్ళు పట్టుకునే గుణం పోయి కోసే గుణం వస్తుంది. మా ఫిట్టర్లు పైపులు కోసే గ్రైండింగ్ డిస్కులు, గరుకు కాగితం, వాటి మీద ఉండే పలుకులు చాలావరకు ఆ జాతివే.

మా రియాక్టర్‌లో ఇది చేసే పని వేరే. క్రూడ్ నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషపు గ్యాసులో మూడో వంతు కాల్చి, ఆ కాల్చగా వచ్చిన సల్ఫర్ డయాక్సైడ్‌ని, మిగిలిన గ్యాసుని కలిపి ఈ గుండ్ల మీదుగా పంపితే, ఆ గోడల మీద రెండూ కలిసి గంధకం, నీటి ఆవిరి అయిపోతాయి. 1883లో క్లాస్ అనే కెమిస్టు పేటెంటు తీసుకున్న పద్ధతి, ఈ రోజుకీ ప్రపంచమంతా అదే. ఆ గ్యాసు వల్ల ఎంత ప్రమాదమో మాకు తెలుసు, మీటర్ లేకుండా అడుగు వెయ్యనియ్యరు, ఎందుకంటే ఎక్కువైతే ముక్కుకి వాసన కూడా తెలియకుండా పోతుంది.

కానీ నన్ను పట్టుకున్నది రియాక్టర్ కాదు, దాని పక్కన ఉన్న ఎయిర్ డ్రైయర్. వాల్వులు తిప్పే గాలిలో తడి ఉండకూడదు, ఉంటే అవి తుప్పు పట్టి ఇరుక్కుంటాయి. అందుకని రెండు టవర్లలో ఇవే గుండ్లు పోసి, ఒకటి గాలిని ఆరబెడుతుంటే రెండోది తన తడి వదిలించుకుంటుంది, తర్వాత మార్చుకుంటాయి. బయటికి వచ్చే గాలి మైనస్ 40 డిగ్రీల డ్యూ పాయింట్ దాకా, అంటే అంత చల్లబడేదాకా తడి బయటపడనంత పొడిగా ఉండాల. దానికి ఒక మీటర్ ఉంది. ఆపరేటర్ ప్రతి షిఫ్టులో వచ్చి ఆ నంబర్ చూసి పుస్తకంలో రాసుకుని పోతాడు. నంబర్ పెరగడం మొదలైతే గుండ్లు అలసిపోయినాయని అర్థం, మాకు ఫోను వస్తుంది. వాల్వుకి పోయే గాలికి ఇంత కాపలా. నేను అక్కడ నిలబడి ఆ మీటర్ వైపు చూస్తానే ఉండిపోయినా, మా ఊర్లో పిల్లోళ్ళు తాగే నీళ్ళకి ఇంత కాపలా ఎవరు పెట్టినారు?

మా ఊరి డ్రమ్ము కొన్నాళ్ళు పనిచేసి ఉంటుంది. ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ తెలీదు. ఎట్లా తెలుస్తుంది? ఫ్లోరైడ్‌కి రంగు లేదు, మా నీళ్ళలో ఉండే మోతాదుకి రుచీ వాసనా తెలియవు. గుండ్లు నిండిపోయి పట్టుకోవడం ఆపేసినాక కూడా నీళ్ళు అంతే తేటగా పడతాయి. ఆడోళ్ళు బిందెలు పట్టుకుని పోయినారు, వచ్చినారు. చివరికి ధార సన్నబడిందని డ్రమ్ము పక్కకి జరిపి పంపుని నేరుగా వాడుకున్నారు. తర్వాత మీటింగులో ఒక పెద్ద మనిషి "ఊరోళ్ళు మెయింటెనెన్స్ చేసుకోలేకపోయినారు" అని చెప్పి పోయినాడంట, మా నాయన చెప్పేవాడు.

ఆ మాటనే నేను ఈ రోజుకీ ఒప్పుకోను. చెనిక్కాయ చేలల్లో మోటారు కాలిపోతే మా వాళ్ళు ఏం చేస్తారో మీకు తెలుసు కదా, వందల అడుగుల పైపులు ఒక్కొక్కటీ పైకి లాగి, మోటారు బైటికి తీసి, వైండింగ్ చేయించి తెల్లారేలోపు దింపి నీళ్ళు పారిస్తారు. అట్లాంటోళ్ళకి ఒక డ్రమ్ములో గుండ్లు మార్చడం చేతకాదా? మోటారు పోతే నీళ్ళు రావు, కంటికి కనిపిస్తుంది, పరిగెత్తుతారు. ఈ డ్రమ్ము చచ్చిపోతే కనిపించేది ఏమీ లేదు, కనిపించేది పదేళ్ళకి పిల్లోడి పళ్ళ మీద. ఎనిమిదేళ్ళ లోపు పళ్ళు తయారయ్యేటప్పుడు పట్టిన మరక తర్వాత ఏ నీళ్ళు తాగినా పోదు. మీటర్ ఇయ్యకుండా యంత్రం ఇచ్చి పోయి, చూసుకోలేదు అని జనాన్ని అంటే ఎట్లా?

ఇంకో సంగతి కూడా పెద్దాయన చెప్పినాడు. ఈ గుండ్లు ఫ్లోరైడ్‌ని బాగా పట్టుకోవాలంటే నీళ్ళ పీహెచ్, అంటే పులుపు గుణమా సోడా గుణమా చెప్పే లెక్క, ఐదున్నర, ఆరు మధ్య, కొంచెం పులుపు వైపు ఉండాల. మా నీళ్ళు గ్రానైటు రాళ్ళలోంచి వచ్చేవి, సోడా గుణం ఎక్కువ, సున్నం తక్కువ, అందుకే రాతిలోని ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుంది, అందుకే గుండ్లు కూడా తొందరగా చేతులెత్తేస్తాయి. నిండినాక కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళతో కడిగి, మళ్ళీ పల్చటి యాసిడ్‌తో సరిచేస్తే తిరిగి పనికొస్తాయి. కానీ ఆ కడిగిన నీళ్ళ నిండా ఫ్లోరైడే, పంపు పక్కనే పోస్తే మళ్ళీ భూమిలోకే. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు లేకుండా మేము ఇక్కడ కాస్టిక్ డబ్బా ముట్టం, అట్లాంటిది ఊర్లో ఏ అమ్మకి అప్పగిస్తారు?

ఇక్కడ నది అనేదే లేదు. 1950ల నుంచి సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసి జనానికి ఇస్తున్నారు, నేను తాగేది అదే. మన దగ్గర ఫ్లోరోసిస్, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బు సంగతి 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో డాక్టర్లు రాసిపెట్టినారు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్‌కి మన ప్రమాణం లీటరుకి ఒక మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే ఒకటిన్నర. 1995 ప్రాంతంలో సత్యసాయి ట్రస్టు తాగునీటి పథకం వచ్చినాక మా జిల్లాలో ఎన్నో ఊర్లు బతికినాయి, ఆ మాట చెప్పకపోతే పాపం. ఇప్పుడు మా ఊర్లో ఆర్వో ప్లాంటు ఉంది, ఇరవై లీటర్ల క్యాను తెచ్చుకుంటారు. తాగేదానికి మాత్రమే. సంగటికి, పప్పుకి, టీకి బోరు నీళ్ళే. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఈ మాట మా అమ్మకి ఫోన్లో చెప్తే "ఇన్నాళ్ళూ కాచి తాగితే మంచిదని చెప్పినారు కదరా" అనింది.

మా బామ్మర్ది ఇదంతా విని "ఒక సంచి పార్సిల్ చెయ్యి బావా, మేము చూసుకుంటాం" అన్నాడు. పంపను, ఎవరూ పంపొద్దు. ఇక్కడ వాడి తీసినవాటిలో గంధకం, మసి, ఇనుము ఉంటాయి, కొత్తవి కూడా గ్యాసు కోసం చేసినవి, తాగే నీళ్ళ కోసం చేసే రకం వేరే ఉంటుంది. అయినా దూరం నుంచి తెచ్చుకోవలసిన సరుకు కాదు ఇది, అల్యూమినాకి ముడిసరుకు ఒడిషాలో దామంజోడిలో నాల్కో వాళ్ళే తీస్తున్నారు.

నేను అనుకునేది ఇది. గుండ్లు ఊర్లో కడగొద్దు. మండలానికి ఒక చోట కడిగే షెడ్డు, దానికి నేర్చుకున్న మనిషి, ఆ నీళ్ళకి తొట్టి ఉండాల, ఖాళీ గ్యాస్ బండ ఇచ్చి నిండుది తెచ్చుకున్నట్లు నిండిపోయిన డబ్బా ఇచ్చి కొత్తది తెచ్చుకోవాల. ఎప్పుడు ఇయ్యాలో చెప్పేదానికి బడిలో ఒక కిట్టు, నాలుగు చుక్కలు వేస్తే రంగు మారి లెక్క చెప్పేది, నెలకోసారి పదో తరగతి పిల్లోళ్ళే చూసి గోడ మీద రాసినా చాలు. ఈసారి సెలవుకి వచ్చినప్పుడు ముందు మా బడి బోరు నీళ్ళు, మా ఇంటి వీధి నీళ్ళు రెండూ సీసాల్లో పట్టి గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబులో ఇచ్చి కాగితం మీద నంబర్ తీసుకుంటా. కర్నూలు, కడప పక్కన ఎవరి ఊర్లోనైనా ఈ గుండ్ల ఫిల్టర్ ఏళ్ళ తరబడి నడిచి ఉంటే, ఎన్నాళ్ళకి మార్చినారు, ఎవరు మార్చినారు, కడిగిన నీళ్ళు యాడ పోసినారు, ఈ మూడూ నాకు చెప్పండి.