మా జీడిపప్పు ఫ్యాక్టరీకి ఈఆర్‌పీ ఎంచుకున్న తీరు: నా అనుభవం

ఈఆర్‌పీ (కొనుగోళ్లు, ఉత్పత్తి, నిల్వ, అమ్మకాలు, ఖాతాలు అన్నీ ఒకేచోట చూసే సాఫ్ట్‌వేర్) అమ్మడానికి వచ్చేవాళ్లు చూపించే డెమోలో సాధారణంగా ఒక బల్లో సైకిలో తయారవుతుంది. నాలుగు కాళ్లు, ఒక పలక, కొన్ని మరలు కలిస్తే ఒక బల్ల. సామాను జాబితా రాసి పెడితే ఖర్చు దానంతట అదే తేలుతుంది. పలాసలో మేము చేసే పని దీనికి సరిగ్గా ఎదురు దిశలో నడుస్తుంది. లోపలికి వెళ్లే సరుకు ఒకటే, జీడి పిక్కలు. బయటికి వచ్చేవి మాత్రం ఎన్నో రకాలు: 180, 210, 240, 320 నంబర్ల (గింజ సైజును చెప్పే అంకెలు) గుండు పప్పు, బద్దలు, పెద్ద ముక్క, చిన్న ముక్క, నూక, నూనె మిల్లుకు వెళ్లే తొక్క, చివరికి పొట్టు కూడా. ఏది ఎంత వస్తుందో పిక్క కోసేదాకా ఎవరూ చెప్పలేరు. మా ఎంపికలో చిక్కులన్నీ ఇక్కడే మొదలయ్యాయి. రైస్ మిల్లు, పప్పు మిల్లు నడిపేవాళ్లకూ ఇదే పరిస్థితి ఉంటుంది కాబట్టి, వాళ్లకు పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది కుటుంబ భాగస్వామ్య సంస్థ. కొనుగోళ్లు నాన్నగారు, అన్నయ్య చూస్తారు. లెక్కలు, అమ్మకాలు నావి. ఖాతాలు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో, సరుకు వివరాలు ఎక్సెల్‌లో, ఫ్యాక్టరీ లోపలి సంగతులు నోటు పుస్తకాల్లో ఉండేవి. ఏడాది చివర లాభమెంతో ట్యాలీ చెప్పేది. ఆ లాభం ఏ లాటు (ఒక విడతగా కలిపి కోసిన పిక్కలు) వల్ల వచ్చిందో, ఏ లాటు దాన్ని తినేసిందో చెప్పేవాళ్లు లేరు. మార్చి నుంచి జూన్ దాకా మన ప్రాంతపు పిక్కలు వస్తాయి. తర్వాత ఐవరీ కోస్ట్, బెనిన్, టాంజానియా సరుకు మీద నడుస్తాం. 80 కిలోల బస్తాకు రకాన్ని బట్టి సుమారు 20 నుంచి 22 కిలోల పప్పు వస్తుంది. ఆ తేడా చూడటానికి చిన్నదే. కానీ వేల బస్తాల మీద సీజను లాభనష్టాలు తేలేది అక్కడే.

మాకు తెలిసినవాళ్లంతా ఒకే సలహా ఇచ్చారు. కావలసిన సౌకర్యాలన్నీ పెద్ద జాబితాగా రాయి, ఒక్కో కంపెనీకీ పంపు, ఎవరు ఎక్కువ వాటికి ఔనంటే వాళ్లను తీసుకో అని. ఆ పద్ధతి మీద నాకు నమ్మకం కలగలేదు. అమ్మేవాడు జాబితాలో ఏ గడికీ కాదని రాయడు. ‘బ్యాచ్ నంబర్లు ఉన్నాయా’ అంటే అందరికీ ఉన్నాయి. ఆ బ్యాచ్ మన ఫ్యాక్టరీలో ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లేటప్పుడు ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

అందుకని జాబితాకు బదులు ఒక లాటు చరిత్ర రాశాను. అంతకుముందు సీజనులో నిజంగా కొని, కోసి, అమ్మిన లాటు అది. అందులో కొన్ని బస్తాలు రైతుల దగ్గర నేరుగా కొన్నవి, మిగతావి వ్యాపారి దగ్గర కొన్నవి. పన్ను దగ్గర ఈ రెండూ ఒకటి కావు. తొక్కతో ఉన్న పిక్కలను రైతు అమ్మితే జీఎస్టీ రివర్స్ ఛార్జ్ పడుతుంది. అంటే పన్ను కొన్నవాళ్లమే కట్టి, ఆ ఇన్వాయిస్ కూడా మేమే రాసుకోవాలి. వ్యాపారి అమ్మితే మామూలు బిల్లు. తర్వాత లారీ కిరాయి, హమాలీ, కళ్లంలో ఎండబెట్టినప్పుడు తగ్గిన బరువు, ఆవిరి పట్టడం, కటింగ్, డ్రయ్యర్‌లో మళ్లీ తగ్గిన బరువు, పొట్టు తీయడానికి బయటికి పంపిన పప్పు, అది తిరిగి వచ్చిన తేదీ, గ్రేడింగ్, 10 కిలోల టిన్నులు, చివరగా అమ్మకం. బరువులన్నీ మా కాటా పుస్తకంలోవే. డెమోకు వచ్చిన ప్రతి కంపెనీకీ ఈ కాగితాలు ముందే పంపి, ‘మీ బల్ల వద్దు, మా లాటు నడిపించి చూపండి’ అని అడిగాను. కొందరు ఆ తర్వాత ఫోనే చేయలేదు. అది కూడా మాకు మేలే చేసింది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది ఖర్చు పంపకం. లాటు మొత్తం ఖర్చును వచ్చిన పప్పుతో భాగిస్తే కిలోకు 600 రూపాయలు పడిందనుకుందాం. బరువు ప్రకారం పంచితే 180 గుండుకూ 600, నూకకూ 600. నూకను ఆ ధరకు ఎవరూ కొనరు కాబట్టి పుస్తకాల్లో అది ఎప్పుడూ నష్టంలోనే కనబడుతుంది. గుండు మాత్రం బ్రహ్మాండమైన లాభంలో ఉన్నట్టు తోస్తుంది. అది నమ్మి గుండు మీద ధర తగ్గించి అమ్మితే లాటు మొత్తం మునుగుతుంది. ఒకే సరుకు నుంచి విడిపోయిన రకాలకు ఖర్చును అమ్మకపు విలువ ప్రకారం పంచాలి. పైగా ఆ నిష్పత్తి లాటు లాటుకూ మారాలి.

ఇది చాలా సాఫ్ట్‌వేర్లలో అసలే లేదనడం అన్యాయం. ఎస్ఏపీ బిజినెస్ వన్‌లో వస్తువును భాగాలుగా విడదీసే ప్రొడక్షన్ ఆర్డర్ వేరుగా ఉంది. ఓడూలో ఉప ఉత్పత్తులకు ఖర్చులో వాటా శాతం ఇవ్వవచ్చు. ట్యాలీలోనూ కో-ప్రొడక్ట్, బై-ప్రొడక్ట్ అని రాసుకునే వీలుంది. ఆ శాతాన్ని ముందే నిర్ణయించి పెట్టుకోవాలా, లాటు పూర్తయ్యాక అసలు బరువులతో, ఆ వారం ధరలతో లెక్కించవచ్చా అన్న దగ్గర వచ్చినవాళ్లు నీళ్లు నమిలారు.

గ్రేడింగు హాలు చూసే పెద్దావిడను కూడా డెమోలకు కూర్చోబెట్టాను. ఆవిడ పెద్దగా చదువుకోలేదు. పప్పును చేత్తో తాకి నంబరు చెబుతుంది. ఒక కుర్రాడు అంతా చక్కగా చూపించి ముగించబోతుంటే ఆవిడ అడిగింది: “బాబూ, 240 అని టిన్ను కట్టేశాం. పార్టీ వచ్చి ఇందులో 320 కలిసిందన్నాడు. టిన్ను విప్పి మళ్లీ ఏరితే కొంత 240, కొంత 320, నాలుగు బద్దలు తేలాయి. అప్పుడు నీ కంప్యూటర్‌లో పాత టిన్ను ఏమవుతుంది?” అతను పాత ఎంట్రీ తీసేసి కొత్తది రాయమన్నాడు. “తీసేస్తే అది ఏ లాటు పప్పో ఎట్లా తెలుస్తుంది?” అని ఆవిడ మళ్లీ అడిగింది. అతని దగ్గర జవాబు లేదు. సాఫ్ట్‌వేర్ కొనే ప్రతి యజమానీ ఇలాంటి మనిషిని ఆ గదిలో కూర్చోబెట్టాలని నా గట్టి అభిప్రాయం. 240 అంటే 454 గ్రాములకు 220 నుంచి 240 గింజలు. ఆ హద్దు దాటితే ధర మారిపోతుందని ఆవిడకు తెలిసినంతగా ఏ కన్సల్టెంటుకూ తెలియదు.

ఇంకో సంస్థ అందరికన్నా తక్కువ ధర చెప్పింది. మేము మానుకుంటే మా డేటా ఎట్లా ఇస్తారని అడిగితే, రిపోర్టులు పీడీఎఫ్‌లో ఇస్తామన్నారు. ఆ మాటతోనే వాళ్లను పక్కన పెట్టేశాం. మన లాట్ల చరిత్ర మన చేతికి పట్టికల రూపంలో రాకపోతే అది మనది కాదు.

మా పద్ధతికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్‌ను ఎంతవరకు మార్చాలి అన్నదాని మీద ఇంట్లో చాలా రోజులు వాదన నడిచింది. అన్నీ మనలాగే ఉండాలని నాన్నగారు. నేను లిడిల్ సంగతి చెప్పాను. ఆ జర్మనీ సూపర్ మార్కెట్ సంస్థ సరుకును కొన్న ధరతో లెక్కకట్టే అలవాటును వదులుకోలేదు. ఎస్ఏపీలోని ప్రామాణిక పద్ధతి అమ్మకపు ధర మీద నడిచేది. ఏళ్ల తరబడి మార్పులు చేస్తూ పోయి, దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాక 2018లో ఆ ప్రాజెక్టును ఆపేశారని పత్రికలు రాశాయి. చివరకు మేము ఒక గీత గీసుకున్నాం. పిక్కకు, పప్పుకు సంబంధించిన లెక్క మా పద్ధతిలోనే ఉండాలి. బిల్లు రూపం, కొనుగోలు ఆర్డరు, చెల్లింపుల ఆమోదం లాంటివన్నీ సాఫ్ట్‌వేర్ ఎట్లా చెబితే అట్లా మేమే మారతాం.

ఆ గీత ప్రకారం ముంబైలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్‌ను ఎంచుకున్నాం. అది ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్‌ను ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. సొంత సర్వర్‌లో పెట్టుకుంటే మనిషికింత అని లైసెన్సు రుసుము ఉండదు కాబట్టి కటింగ్, గ్రేడింగ్ హాళ్లలో ఎంతమందికైనా లాగిన్ ఇవ్వవచ్చు. కిరాయి, హమాలీలను కొనుగోలు ధరలో కలిపే వోచర్ ఉంది. ఒక సరుకును అనేక సరుకులుగా మార్చే రీప్యాక్ ఎంట్రీ ఉంది. లాటు ఖర్చును ధరల ప్రకారం పంచే భాగాన్ని విశాఖపట్నంలోని ఒక చిన్న బృందం రాసిచ్చింది. సరుకు రవాణాకు కావలసిన ఈ-వే బిల్లు, ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే ఈ-ఇన్వాయిస్ అందులోంచే తీయవచ్చు. 2023 ఆగస్టు 1 నుంచి ఏడాదికి 5 కోట్ల రూపాయల టర్నోవరు దాటినవాళ్లందరికీ ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి కాబట్టి అది లేని సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించే పనే లేదు. ఎంట్రీలు ఎవరు ఎప్పుడు మార్చారో చూపే ఎడిట్ లాగ్ నిబంధన కంపెనీలకే, మా భాగస్వామ్య సంస్థకు కాదు. అయినా దాన్ని మొదటి రోజు నుంచే పెట్టించుకున్నాను.

సాఫ్ట్‌వేర్ పేరు కన్నా దాన్ని అమర్చే మనుషుల గురించే నేను ఎక్కువ విచారించాను. ఆ విశాఖ బృందం అంతకుముందు ఒక పప్పు మిల్లుకు పనిచేసింది. అక్కడికి వెళ్లి యజమానితో కాకుండా స్టోరు గుమస్తాతో మాట్లాడాను. నెలాఖరున స్టాకు తేడా వస్తే ఫోను ఎత్తుతారా, ఎంతసేపటికి పలుకుతారు అని అడిగాను. ఆయన తన ఫోనులో వాళ్లతో నడిచిన సందేశాలు చూపించారు. నాకు అంతకు మించిన సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలన్న దాని మీద ఆడిటర్ గారికీ మాకూ కుదరలేదు. ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది కాబట్టి ఏప్రిల్ 1 అన్నారు ఆయన. ఏప్రిల్‌లో మా గేటు ముందు పిక్కల లారీలు వరుస కట్టి ఉంటాయి. 1999లో హెర్షీ చాక్లెట్ కంపెనీ పండుగ ఆర్డర్ల వేళ కొత్త వ్యవస్థకు మారి, సరుకు ఉండి కూడా దుకాణాలకు పంపలేకపోయింది. ఆ సంగతి చెప్పాక ఆయన ఒప్పుకున్నారు. కొనుగోళ్ల హడావుడి తగ్గాక, జూలైలో నిల్వ సరుకంతా కాటా వేసి ఆ బరువులతో మొదలుపెట్టాం. అంతకుముందు పేర్లు శుభ్రం చేయడం విసిగించిన పని. ఒకే 240 గుండు మా పాత పుస్తకాల్లో ఎన్ని రకాలుగా రాసి ఉందో! కొంతకాలం ట్యాలీనీ పక్కనే నడిపి, రెండింటి నిల్వలూ కలిశాకే దాన్ని ఆపాం.

ఇప్పుడు లాటు వారీగా బద్ద శాతం తెర మీద కనబడుతోంది. ఆవిరి పట్టిన పిక్కను చల్లారనివ్వకుండా అదే రోజు కటింగుకు పంపిన లాట్లలో బద్దలు ఎక్కువ వస్తున్నాయి. గ్రేడింగు పెద్దావిడ ఈ మాట ఎప్పటినుంచో చెబుతోంది. అంకెలు చూశాక నాన్నగారు బాయిలర్ పనిని సాయంత్రానికి మార్చారు, కటింగ్ మర్నాడే. పొట్టు తీసేవాళ్ల కూలి కిలోల లెక్కన ఉంటుంది, అది ఇంకా నోటు పుస్తకంలోనే నడుస్తోంది. వచ్చే సీజనుకు దాన్నీ ఇందులోకి తెచ్చే పని మొదలుపెట్టాం. ఎవరి ఖాతాలో ఎన్ని కిలోలు పడ్డాయో ఆ ఆడవాళ్లు కాటా దగ్గరే తెలుగులో చూసుకునేలా తెర ఉండాలని ఒప్పందంలో రాయించాను.