సైన్సు నోట్సు అట్ట మీది మనిషి

జూన్‌లో బడి తెరిచేసరికి కొత్త నోట్సులకి అట్టలు వేయడం మనందరికీ గుర్తుండే ఉంటుంది. బ్రౌన్ పేపరు కొనగలిగినవాళ్ళు మా క్లాసులో నలుగురైదుగురు. మిగతా అందరం బస్టాండు పక్కన పాత పేపర్ల కొట్టు మీద పడేవాళ్ళం. అక్కడ విదేశీ పత్రిక ఒకటి దొరికిందంటే పండగే. దళసరి కాగితం, నున్నగా ఉండేది, పైగా రంగుల బొమ్మలు. తొమ్మిదో తరగతిలో నా సైన్సు నోట్సుకి అలా దొరికిన అట్ట మీద ఒక ఫోటో ఉండేది. రోడ్డుకి ఒక పక్కన వరసగా కార్లు. హెల్మెట్లు పెట్టుకున్నవాళ్ళు వాటి వైపు పడుతూ లేస్తూ పరిగెడుతున్నారు. ఒక్కడు మాత్రం తాపీగా నడుస్తున్నాడు.

సైన్సు మేష్టారు నోట్సు దిద్దుతూ ఆ అట్ట చూసి, "వీడెవడ్రా, అందరూ పరిగెడుతుంటే పెళ్ళికి వెళ్తున్నట్టు వెళ్తున్నాడు? మీ చుట్టమా?" అన్నారు. నేను రోజూ ప్రార్థనకి ఆలస్యంగా వచ్చేవాణ్ణి. క్లాసంతా ఒకటే నవ్వు. ఆ రోజు నుంచి పది పాసయ్యేదాకా నా పేరు పెళ్ళికొడుకు.

ఆ మనిషెవరో తెలియడానికి నాకు ఏడెనిమిదేళ్ళు పట్టింది. ఫోటో కింద అచ్చువేసిన పేరు మడత లోపలికి పోయింది, దాని మీద నేను మైదా జిగురు దట్టంగా రాసేశాను. తర్వాత మద్రాసులో అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు, మౌంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే అదే ఫోటో కనపడింది. ఈసారి పేరు ఉంది. జాకీ ఇక్స్, బెల్జియం. 1969 జూన్ 14, లె మాన్ 24 గంటల రేసు. నేను పుట్టిన ఏడే.

ఫ్రాన్సులో జరిగే ఈ రేసులో గెలవాలంటే వేగం ఒక్కటే చాలదు. ఒకే కారుని ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా పగలూ రాత్రీ తోలాలి. చివరిదాకా బండి బతికుండాలి. అప్పట్లో మొదలుపెట్టే పద్ధతే వింతగా ఉండేది. కార్లు రోడ్డుకి ఒక పక్క, డ్రైవర్లు ఇంకో పక్క. జెండా ఊపగానే రోడ్డు దాటి పరిగెత్తాలి, కారులో దూకాలి, స్టార్ట్ చేయాలి. ఆ తొందరలో బెల్టు ఎవరు పెట్టుకుంటారు? ముల్సాన్ అని ఆరు కిలోమీటర్ల తిన్నని రోడ్డు ఉండేది. అక్కడ 300 కిలోమీటర్ల వేగంలో ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని రెండో చేత్తో బెల్టు తగిలించుకోవడానికి తంటాలు పడేవాళ్ళు. అంతకు ముందు ఏడాది విల్లీ మెరెస్ అనే మరో బెల్జియన్ తలుపు సరిగ్గా వేసుకోకుండానే బయల్దేరాడు. అదే రోడ్డు మీద తలుపు తెరుచుకుని ప్రమాదమైంది. ఆయన డ్రైవరు బతుకు అక్కడితో సరి.

అందుకే ఇక్స్ పరిగెత్తలేదు. నడిచి వెళ్ళి, కూర్చుని, బెల్టులన్నీ బిగించుకుని, అందరికన్నా చివర కదిలాడు. అప్పుడు అతని వయసు 24. నిరసన చెప్పడానికి అతను మైకు పట్టుకోలేదు, మెల్లగా నడిచాడంతే. ఆ మొదటి చుట్టులోనే జాన్ వుల్ఫ్ అనే ఇంగ్లీషు డ్రైవరు పోర్షే 917 కారు అదుపు తప్పి చనిపోయాడు. బెల్టు సరిగా పెట్టుకోకపోవడంతో బయటికి విసిరేసినట్టు పడ్డాడు.

ఇక్స్, జాకీ ఆలివర్ తోలింది ఫోర్డ్ జీటీ 40. కొత్తదేం కాదు, కిందటేడు గెలిచిన కారే అది. గెలుపు పోర్షేలదే అని అందరి లెక్క. అవి ఒక్కొక్కటే మూలపడుతూ వచ్చి, చివరికి హాన్స్ హెర్మన్ తోలుతున్న పోర్షే 908 ఒక్కటే ఎదురు నిలిచింది. ఇక అక్కడి నుంచి ఒకసారి ఇతను ముందు, ఒకసారి అతను ముందు. ఆఖరి చుట్టులో ఇక్స్ ముల్సాన్ మీద పెట్రోలు అయిపోతున్నవాడిలా మెల్లగా వెళ్ళి హెర్మన్‌ని ముందుకి పోనిచ్చాడట. ముందు కారు గాలిని చీలుస్తూ పోతుంటే వెనక దానికి దారి తేలికవుతుంది. లారీ వెనక సైకిలు తొక్కినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఊపులోనే మళ్ళీ దాటేశాడు. దాదాపు 5000 కిలోమీటర్ల పరుగు తర్వాత రెండు కార్లకీ తేడా 120 మీటర్లు.

నాకు ఇంతకన్నా ఇష్టమైన ముక్క ఇంకోటుంది. రేసయ్యాక పారిస్ వెళ్తుంటే షార్త్రె దగ్గర ఎవరో కారు అడ్డం తెచ్చారు. ఇక్స్ సొంత పోర్షే స్తంభానికి గుద్దుకుని నుజ్జయింది. ఆయన మాత్రం బెల్టు విప్పుకుని, దులుపుకుని దిగాడు. మరుసటి ఏడు రేసు మొదలయ్యేటప్పుడు డ్రైవర్లందరూ ముందే కార్లలో బెల్టులు కట్టుకుని కూర్చున్నారు.

చిన్నప్పుడు ఇక్స్‌కి చదువు మీద మనసు నిలిచేది కాదట. తండ్రి మోటారు పత్రికల విలేకరి. ఇంట్లోవాళ్ళు 50 సీసీ జుండాప్ మోటారుసైకిలు కొనిచ్చారు, అక్కడి నుంచి దారి మారింది. ఫార్ములా వన్‌లో ఎనిమిది గెలుపులు, ఏడాది ఛాంపియన్‌షిప్‌లో రెండుసార్లు రెండో స్థానం. లె మాన్‌లో మొత్తం ఆరు గెలుపులు. వాటిలో 1977 నాటిది కథలా ఉంటుంది. తన కారు పాడైతే జట్టులోని రెండో పోర్షేలోకి మారాడు. అది అప్పటికి నలభయ్యో స్థానం తర్వాత ఎక్కడో వెనక ఉంది. రాత్రంతా వానలో, చీకట్లో ఒక్కో కారునీ దాటుకుంటూ పైకి తెచ్చాడు. చివర్లో ఇంజను దెబ్బతింటే, సహచరుడు యుర్గెన్ బార్త్ ఆరింటిలో ఐదు సిలిండర్లతో కారుని గీత దాటించాడు.

అయితే ఇక్స్‌ని దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. 1985 సెప్టెంబరు 1న సొంత దేశంలోనే, స్పా ట్రాక్ మీద, ఓ రూజ్ మలుపు దగ్గర ష్టెఫాన్ బెలోఫ్ అనే జర్మన్ కుర్రాడు ఇతన్ని దాటబోయాడు. రెండు పోర్షేలూ తగులుకున్నాయి. బెలోఫ్ చనిపోయాడు, 27 ఏళ్ళు. తప్పెవరిదని ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు. బెల్టులు ఇద్దరికీ ఉన్నాయి. ఇక్స్ ఆ ఏడాది చివరికి ట్రాక్ రేసులు మానేశాడు. ఎడారి ర్యాలీలు మాత్రం వదల్లేదు.

నేను ఇరవై ఏళ్ళుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళని మొదటి పది నిమిషాలు తాళం ముట్టుకోనివ్వను. సీటు, అద్దాలు, బెల్టు. ఫీజు కట్టి ఇదేంటి సార్ అని గునుస్తారు. ఒకప్పుడు ఆ ఫోటో గోడకి తగిలించాను గానీ, వచ్చినవాళ్ళంతా మా నాన్నగారనుకుంటుంటే తీసేశాను.

కిందటి పూర్వ విద్యార్థుల సమ్మేళనం అయ్యాక మన బ్యాచ్‌వాడొకడు కొత్త కారులో నన్ను స్టేషన్‌కి దింపాడు. బెల్టు తగిలించే చోట, ఇరవై రూపాయల ఉత్త క్లిప్పు ఒకటి గుచ్చి ఉంది. ఇదేంట్రా అంటే, "అది లేకపోతే కుయ్ కుయ్‌మని ఒకటే గోల రా" అన్నాడు. నేను క్లిప్పు లాగేసి, బెల్టు పెట్టుకునేదాకా కారు కదలనివ్వలేదు. రైలుకి ఇంకా పన్నెండు నిమిషాలే ఉంది. "నువ్వు మారవు కదరా పెళ్ళికొడకా" అంటూనే బెల్టు లాక్కున్నాడు. క్లిప్పు మాత్రం నా చేతిలోంచి తీసుకుని ముందు అరలో దాచుకున్నాడు.