పదిహేను నిమిషాల్లో బీపీ మాత్రలు

చివరి మాత్ర వేసేసుకుని, ఖాళీ స్ట్రిప్ ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టి అప్పుడు చెప్పారు నాన్న, మాత్రలు అయిపోయాయని. బయట వాన. విద్యానగర్‌లో మా వీధి చివరే మెడికల్ షాపు ఉంది. అయినా బద్ధకమేసి ఫోన్‌లో ఆర్డర్ పెట్టాను.

పదిహేను నిమిషాల్లో బెల్లు మోగింది. లిఫ్టు చెడిపోయి మూడు రోజులైంది, మాది నాలుగో అంతస్తు. కుర్రాడు రెయిన్‌కోటు మందుల సంచికి చుట్టి, తను తడుస్తూ వచ్చాడు.

"కూర్చో బాబూ, కాఫీ తాగి వెళ్దువుగాని" అన్నారు నాన్న.

"వద్దు తాతా, ఇంకా మూడు కొడితేనే ఇన్సెంటివ్ పడతది. పొద్దుగాల ఏడింటికి లాగిన్ అయిన. రెండు గంటలు చెట్టు కిందనే కూసున్న. వానొచ్చినంక ఇప్పుడే పడుతున్నయ్."

మంచినీళ్లు మాత్రం గటగటా తాగి దిగిపోయాడు.

ఆ రెండు గంటలకి డబ్బులెవరూ ఇవ్వరు. నాకది నిజంగా ఇవాళే తట్టింది. మా ఇంట్లో ఎదురుచూపుల కథలన్నీ కొనేవాళ్లవే మరి. నేను కడుపులో ఉండగా నాన్న బుక్ చేసిన స్కూటర్, నేను ఒకటో తరగతికి వచ్చాక చేతికొచ్చింది. ఫ్యాక్టరీ ఎన్ని బళ్లు చేయాలో కూడా ఢిల్లీ ఇచ్చే లైసెన్సే చెప్పే కాలం. 1991లో పీవీ, మన్మోహన్ సింగ్ కలిసి చాలా పరిశ్రమలకు ఆ లైసెన్సు ఎత్తేశారు. మన క్యూ పోయింది. ఇప్పుడు ఆ క్యూలో ఈ కుర్రాడు నిలబడ్డాడు.

ఈ మాట నాన్నతో అంటే ఆయన వేరే దారి పట్టారు. బాలానగర్‌లో సర్కారు మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసిన మనిషి, మందుల సంగతొస్తే ఆగరు. "మాత్ర చవగ్గా దొరుకుతోందంటే అంతా మార్కెట్ గొప్పేననుకున్నావా?" 1970 పేటెంట్ చట్టం మందుకి కాకుండా, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇచ్చింది. అదే మందు వేరే పద్ధతిలో ఎవరైనా చేసుకోవచ్చన్నమాట. 2005లో మళ్లీ మందుకే పేటెంట్ ఇవ్వడం మొదలైంది గానీ, ఈలోపు మన కంపెనీలు నిలదొక్కుకున్నాయి. అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే, 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ పెట్టారు.

"పోటీ పడి రేటు దించింది ప్రైవేటు వాళ్లే కదా నాన్నా" అన్నాను. కాదనలేదు. ఐడీపీఎల్ తర్వాత ఖాయిలా పడిందనీ ఆయనకి తెలుసు, ఆ మాట నేనెత్తలేదు. సర్కారు చేతిలో ఉంటే అన్నీ బాగుంటాయని నేను నమ్మను, స్కూటర్ కథ విన్నాక ఎలా నమ్ముతాను? కానీ పెట్టుబడిదారీ వ్యవస్థ తన లెక్కలోకి రాని ఖర్చుని పక్కవాడి గుమ్మంలో పారబోస్తుంది. పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల వల్ల పాడైన బావుల ఖరీదు ఏ స్ట్రిప్ మీదా ఎంఆర్‌పీలో కనపడదు.

నాన్న కొత్త స్ట్రిప్ తిప్పి భూతద్దంతో ధర చూశారు. "ఇందులో ఆ పిల్లాడికెంతరా?"

తెలీదన్నాను. యాప్‌లో ఇరవై రూపాయల టిప్ పెట్టాను. "ఇరవయ్యేనా, నాలుగంతస్తులకి?" అన్నారు. యాభై చేశాను.

లిఫ్టు మెకానిక్‌కి ఇవాళ మూడోసారి ఫోన్ చేశాను. రేపొస్తానన్నాడు.